దురదకి మందా, మనసా?

ఈ టపా రాయాలా వద్దా అని ఆర్నెల్లుగా నానుస్తున్నాను. రాస్తే తెలిసినవాళ్ళు నవ్వుతారు. రాయకపోతే నాలాంటివాడు ఇంకొకడు నేను చేసిన తప్పులే వరసగా చేసుకుంటూ పోతాడు. సరే, నవ్వితే నవ్వారులే అని మొదలెట్టేశాను. టిఫిను తింటూ చదివే అలవాటున్నవాళ్ళు ముందు ఆ పని కానిచ్చి రండి.

విషయం దురద. అరచెయ్యి దురదపెడితే డబ్బొస్తుందంటారు, అరికాలు దురదపెడితే ప్రయాణం అంటారు. గజ్జల్లో దురదపెడితే ఏమొస్తుందో మాత్రం మన పెద్దలెవరూ చెప్పలేదు. నాకైతే మూడేళ్ళ గోల వచ్చింది.

చెప్పుకోలేని చోట వచ్చే రోగానికి ఓ ప్రత్యేకత ఉంది. జలుబు చేస్తే పక్క సీటువాడు మిరియాల కషాయం చెబుతాడు. నడుం నొప్పంటే ఆఫీసులో కుర్చీ మారుస్తారు. దీనికి సలహా చెప్పేవాడే ఉండడు, ఎందుకంటే మనం ఎవరికీ చెప్పం. ఇక మిగిలేది ఇద్దరు: మందుల షాపు కుర్రాడు, అర్ధరాత్రి ఇంటర్నెట్టు. నాకు ఆ ఇద్దరూ దొరికారు. చెరో ఏడాదిన్నర.

మేముండేది అత్తాపూర్‌లో. 2009లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే తెరిచాక ఇక్కడ వీధి పేర్లతో పనిలేకుండా పోయింది, ఇల్లు చెప్పాలంటే పిల్లర్ నంబరు చెప్పడమే. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళేవాళ్ళు మా నెత్తి మీంచి వెళ్తుంటారు, మేం కింద ఆ నీడలో బతికేస్తుంటాం. నా ఆఫీసు గచ్చిబౌలి. మే నెల ఎండలో జీన్సు ప్యాంటేసుకుని మెహదీపట్నం, టోలిచౌకి మీదుగా బండి మీద వెళ్ళడం, అక్కడ పది గంటలు కుర్చీకి అతుక్కుపోవడం, మళ్ళీ అదే దారిన రావడం. ఫంగస్‌కి ఇంతకంటే మంచి వసతి ఎవరూ కట్టించలేరు. అప్పుడు నాకా సంగతి తెలీదు. "ఒంట్లో వేడి చేసుంటుంది" అనుకుని మజ్జిగ తాగాను, సబ్జా గింజలు తాగాను, వంకాయ మానేశాను. వంకాయకి పాపం ఏ సంబంధమూ లేదు.

చివరికో రోజు పిల్లర్ల నీడలోనే ఉన్న మందుల షాపుకెళ్ళాను. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళుంటే, వాళ్ళు వెళ్ళేదాకా ఫోను చూస్తున్నట్టు నటించి, తర్వాత గొంతు తగ్గించి "దురదకేమైనా..." అన్నాను. కుర్రాడు ఎక్కడని అడగలేదు. నా గొంతు విని అర్థం చేసుకున్నాడు. "గీ ట్యూబు రాయన్నా, మూడు రోజుల్ల తగ్గుతది" అన్నాడు. నిజంగానే మూడు రోజుల్లో తగ్గింది. అసలు మోసమంతా ఆ తగ్గడంలోనే ఉంది.

ఆ ట్యూబులో ఒకటి కాదు, నాలుగు మందులు. ఫంగస్‌కి ఒకటి, బాక్టీరియాకి ఒకటి, ఇంకేదో ఒకటి, వాటితో పాటు క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్. పూత స్టెరాయిడ్లలో అన్నిటికంటే ఘాటైన తరగతిది అది. స్టెరాయిడ్ ఏం చేస్తుందంటే, ఎర్రదనాన్నీ మంటనీ దురదనీ అణచేస్తుంది. అంటే కాపలావాడికి నిద్రమాత్ర వేస్తుంది. దొంగ ఎక్కడికీ పోడు, లోపలే ఉంటాడు, ఇంకా హాయిగా ఉంటాడు. ట్యూబు ఆపగానే కాపలావాడు లేచి, ఇల్లంతా దొంగలే ఉండడం చూసి, గగ్గోలు పెడతాడు. మనం మళ్ళీ ట్యూబు కొంటాం. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఎర్రర్‌ని సరిచెయ్యకుండా లాగ్ రాయడం ఆపేసి "ప్రోగ్రాం బ్రహ్మాండంగా నడుస్తోంది" అని రిపోర్టు ఇవ్వడం.

ఇదేం కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1968లోనే ఐవ్, మార్క్స్ అనే ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లు దీనికి టీనియా ఇన్‌కాగ్నిటో అని పేరు పెట్టారు. మారువేషంలో ఉన్న తామర అన్నమాట. మామూలు తామరకి ఉండే గుండ్రటి అంచునీ పొలుసునీ స్టెరాయిడ్ చెరిపేస్తుంది కాబట్టి చూసి పోల్చుకోవడం కష్టం. దానికి ఒక్క ఏడాది ముందు, 1967లో, ఫెల్డ్‌మన్, మైబాక్ అనే అమెరికన్ పరిశోధకులు ఒంట్లో ఏ భాగం చర్మం హైడ్రోకార్టిజోన్‌ని ఎంత పీల్చుకుంటుందో కొలిచారు. ముంజేతిని 1 అనుకుంటే వృషణాల మీది చర్మం 42. నలభై రెండు రెట్లు! ముంజేతికి రాసుకోవడానికే డాక్టరు చీటీ ఉండాల్సిన మందుని నేను ఆ చోట ఏడాదిన్నర పాటు రాశాను.

"మరి ప్రభుత్వం ఏం చేస్తోంది?" అని అడక్కండి, చేసింది. చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఏళ్ళ తరబడి మొత్తుకున్నాక, 2018లో కేంద్రం పూత స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అదే ఏడు సెప్టెంబరులో 328 మిశ్రమ మందుల్ని నిషేధిస్తే, ఆ జాబితాలో ఇలాంటి క్రీములు కూడా ఉన్నాయి. నేను ట్యూబు కొన్నది ఆ తర్వాతే. చీటీ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు లెండి, అందులో ఏముందని.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా అంటారు. వెళ్ళాలనే అనుకున్నాను. కానీ చర్మ డాక్టర్ల బోర్డు మీద ఏం రాసుంటుందో ఎప్పుడైనా చూశారా? "చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల నిపుణులు". ఉస్మానియాలోనూ గాంధీలోనూ ఆ విభాగాన్ని డీవీఎల్ అంటారు, అందులో మూడక్షరాలూ ఈ మూడింటికే. వైద్య విద్యలో అవి కలిసి ఉండడానికి కారణాలు ఉన్నాయి. కానీ ఆ మెట్లెక్కుతుంటే కింద టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు మన ముఖంలో ఆ మూడింట్లో ఏది వెతుకుతారో తెలుసు కదా. నేను మూడుసార్లు ఆ బోర్డు కిందనుంచి వెళ్ళి, మూడుసార్లూ టీ తాగి వచ్చాను.

నాలుగోసారి ధైర్యం చేసి వేరే పేటలో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశారు. చూడలేదు, చూపించమనలేదు. నాక్కూడా హాయిగానే అనిపించింది, నిజం చెప్పొద్దూ. ఇంకో ట్యూబు రాసిచ్చి, నేను తలుపు దగ్గరికి వచ్చాక "స్ట్రెస్ తగ్గించుకోండి" అన్నారు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చి ఇంటర్నెట్టు తెరిచాను. ఇక్కణ్ణించి రెండో ఏడాదిన్నర.

జాన్ సార్నో అని న్యూయార్కులో ఓ డాక్టరుండేవాడు. 2017లో పోయాడు. 1991లో నడుం నొప్పి మీద ఆయన రాసిన పుస్తకం లక్షలమంది చదివారు. మనం అణచిపెట్టుకున్న కోపం, ఆందోళన పైకి రాకుండా మన దృష్టి మళ్ళించడానికి మెదడే ఒంట్లో నొప్పి పుట్టిస్తుందని ఆయన వాదం. నడుం నొప్పితో ఆగలేదు, తర్వాత పుస్తకంలో చర్మం దాకా వచ్చాడు. దీంతోపాటే రెడ్ స్క్రోటమ్ సిండ్రోమ్ అని ఇంకోటి దొరికింది. 1997లో ఫిషర్ అనే చర్మవైద్యుడు రాసిన స్థితి. చర్మం ఎర్రబడి మండుతుంది, పరీక్ష చేస్తే ఫంగస్సూ ఉండదు, ఏమీ ఉండదు. స్టెరాయిడ్ క్రీములు ఎక్కువకాలం రాసినవాళ్ళలో తరచు కనిపిస్తుంది. నరాల మీద పనిచేసే గాబాపెంటిన్ లాంటి మందులు కొందరికి పనిచేశాయట. చదవగానే "ఇదే నాది!" అనుకున్నాను. ఫంగస్ లేదని ఎలా తెలిసిందంటే, ఎవరూ వెతకలేదు కాబట్టి.

మనసు సిద్ధాంతం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ఎవరికీ బట్టలు విప్పి చూపించక్కర్లేదు. ఏ బోర్డు కిందనుంచీ వెళ్ళక్కర్లేదు. పైగా రోగిని కాస్తా మనం లోతైన మనిషిగా మారిపోతాం. తామర అంటే పరువు తక్కువ, అణచుకున్న కోపం అంటే గౌరవం.

ఇంజనీర్ని కదా, ఎక్సెల్‌లో షీటు తెరిచాను. రోజూ దురద పదికి ఎంత, ఆ రోజు ఏం జరిగింది, ఆరు వారాలు రాశాను. గ్రాఫు గీస్తే అద్భుతం! రిలీజులున్న వారాల్లో దురద ఎక్కువ. అప్రైజల్ వారంలో ఇంకా ఎక్కువ. మనసే కారణం అని నాకు రుజువైపోయింది. రిలీజున్న వారంలో నేను పన్నెండు గంటలు అదే చెమట ప్యాంటులో కూచున్నానని, రాత్రి స్నానం కూడా చెయ్యకుండా పడుకున్నానని ఆ షీటులో కాలమ్ పెట్టలేదు. మనం ఏ కాలమ్ పెడితే జవాబు ఆ కాలమ్‌లోనే దొరుకుతుంది. పాతికేళ్ళ కుర్రాడు నా టీములో ఈ తప్పు చేస్తే పావుగంట క్లాసు పీకి ఉండేవాణ్ణి.

ట్యూబు ఆపేశాను, మంచిదే. మిగతా మందులూ ఆపేశాను, అదే చెడింది. నాగార్జునసాగర్ రోడ్డులో వనస్థలిపురం అవతలున్న విపశ్యన కేంద్రం ధమ్మ ఖేత్తకి పదిరోజులు సెలవు పెట్టి వెళ్ళాను. నాలుగైదు రోజులయ్యాక గంటసేపు కదలకుండా కూచోమంటారు. ఎక్కడ దురద పెట్టినా గోక్కోకూడదు, ఊరికే గమనించాలి. నాకు అంతకంటే కఠినమైన పరీక్ష ఉంటుందా? కానీ నిజంగా ఓ సంగతి నేర్చుకున్నాను. దురద గంటసేపు ఒకేలా ఉండదు. లేస్తుంది, ముదురుతుంది, ప్రాణం పోతుందనిపిస్తుంది, తర్వాత దానంతటదే పడిపోతుంది. ఈ ముక్క తర్వాత నాకెంత ఉపయోగపడిందో ముందు ముందు చెబుతాను. ప్రస్తుతానికి, పదకొండో రోజు ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే మచ్చ అంచు ఇంకో అంగుళం ముందుకి జరిగి ఉంది. నాతో పాటు ఫంగస్ కూడా పది రోజులు ప్రశాంతంగా కూచుందన్నమాట.

ఇందులో ఆ కేంద్రం తప్పేమీ లేదు. విపశ్యనని మన దేశానికి తిరిగి తెచ్చిన గోయెంకా గారి కథే చూడండి. బర్మాలో వ్యాపారస్థుడుగా ఉన్నప్పుడు ఆయనకి భరించలేని మైగ్రేన్. ఆ నొప్పి తగ్గుతుందని 1955లో ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్తే, ఆ గురువు మొదట ఒప్పుకోలేదు. రోగం తగ్గించుకోవడానికైతే ఇది నేర్పను పొమ్మన్నాడు. గురువే స్వయంగా ఇది వైద్యం కాదు మొర్రో అంటే, నాబోటి శిష్యులం దాన్ని మాత్ర లాగా మింగబోయాం.

అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. మా ఆవిడకి నడుం దగ్గర, చుడీదార్ బొందు కట్టుకునే చోట, ఎర్రగా పట్టీలాగా వచ్చింది. నాలుగు నెలలుగా ఉందట. నాకు చెప్పలేదు. నేను తనకి చెప్పనట్టే. ఒకే మంచం మీద పడుకుని ఇద్దరం ఒకరికి తెలీకుండా ఒకరం గోక్కుంటున్నాం. ఓ ఆదివారం మా వాడికి తల స్నానం చేయిస్తూ వాడి మెడ మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి మచ్చ చూసింది. అప్పుడిక దాచడానికి వీల్లేక ముగ్గురివీ బయటపడ్డాయి. ఆవిడ నా వైపు చాలాసేపు చూసి "ఎక్కణ్ణించి తెచ్చారండీ ఇది?" అంది.

ఆ ప్రశ్నలో ఏముందో పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను ఆ గొంతుతో ఏదీ అడగలేదు. "స్ట్రెస్ వల్ల" అన్నాను. "మరి వీడికేం స్ట్రెస్సు? యూకేజీ పరీక్షలా?" అంది.

నా సిద్ధాంతం అక్కడే కూలిపోయింది. నాలో అణచుకున్న కోపం మా వాడి మెడ మీద గుండ్రంగా ఎలా తేలుతుంది?

ఈసారి ఇద్దరం కలిసే వెళ్ళాం, ముగ్గురం అనాలి. బోర్డు మీద ఆ మూడు మాటలూ ఉన్నాయి, కింద టీకొట్టూ ఉంది, అయినా వెళ్ళాం. డాక్టరు మా చెల్లెలి వయసు అమ్మాయి. నేను నీళ్ళు నములుతుంటే "సార్, పొద్దున్నించి నేను చూసిన ఇరవై మందిలో పన్నెండు మందిది ఇదే. మీరు పదమూడు. తెర వెనక్కి రండి" అంది. మూడేళ్ళుగా నేను మోసిన రహస్యం ఆవిడకి క్యూలో ఓ నంబరు.

తర్వాత ఆవిడ చేసిన పని చాలా చిన్నది. మచ్చ అంచున బ్లేడుతో మెల్లగా గీకి, రాలిన పొడిని గాజు పలక మీద వేసి, కేఓహెచ్ చుక్క ఒకటి వేసింది. పొటాషియం హైడ్రాక్సైడ్, మనం ఇంటర్ కెమిస్ట్రీలో చదివిందే. అది చర్మపు కణాల్ని కరిగించేస్తుంది, ఫంగస్ పోగులు మటుకు మిగుల్తాయి. పావుగంట ఆగి మైక్రోస్కోపులో చూడమంది. కొమ్మలు కొమ్మలుగా విడిపోయిన సన్నటి దారాలు. ఆ పరీక్షకి అయిన ఖర్చు ఓ బిర్యానీ ఖర్చు. మూడేళ్ళలో ఎవరూ చెయ్యలేదు, నేనూ చెయ్యమని అడగలేదు.

అప్పుడావిడ మా ఆవిడ వైపు తిరిగి, నేను అడక్కుండానే అంది: "ఇది సుఖవ్యాధి కాదమ్మా. తువ్వాలుతో వస్తుంది, దుప్పటితో వస్తుంది, కలిపి ఉతికిన బట్టలతో వస్తుంది." ఆ మాటకి ఫీజు ఎంతిచ్చినా తక్కువే.

మన దేశంలో ఈ తామర ఇప్పుడు పాతకాలం తామర కాదట. జపాన్‌లో ఉంటున్న ఒక భారతీయ రోగి, ఒక నేపాలీ రోగి నుంచి తీసిన ఫంగస్‌కి 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని కొత్త పేరు పెట్టారు. ఇండియా పేరు కలిపి మరీ. ఎన్నో ఏళ్ళు తామరకి తిరుగులేని మందుగా ఉన్న టెర్బినఫిన్ దీని మీద చాలాసార్లు పనిచెయ్యదు. 2023లో న్యూయార్కులో కూడా ఇద్దరిలో కనిపించిందని అక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీ ప్రకటించింది. మన స్టెరాయిడ్ మిశ్రమాల వాడకం దీని వెనక ఓ కారణమని చర్మవైద్యులు గట్టిగా అనుమానిస్తున్నారు. అంచేత మాకు వేరే మాత్ర, ఇట్రాకొనజోల్, వారాల తరబడి, డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం. పిల్లవాడికి వేరే లెక్క. ఇంట్లో అందరికీ ఒకేసారి వైద్యం. ఎవరి తువ్వాలు వాళ్ళది. లోదుస్తులు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యడం, బాత్రూం తలుపు వెనక కాదు. జీన్సుకి సెలవు.

పది వారాలకి గాజు పలక శుభ్రం. ఇంకో నెలాగి చూసినా శుభ్రం. శుభం కార్డు వెయ్యొచ్చు కదా? వెయ్యలేను. ఎందుకంటే దురద పోలేదు.

మా ఆవిడకి పోయింది, పిల్లవాడికి పోయింది, నాకు మిగిలింది. పగలు పెద్దగా ఉండదు. రాత్రి పదకొండుకి మంచం మీద కూచోగానే, లాప్‌టాప్ మూయగానే, చెయ్యి దానంతటది వెళ్ళిపోతుంది. మూడేళ్ళ గోకుడుకి చర్మం మందమైంది. మందమైన చర్మం దురదపెడుతుంది, గోకితే ఇంకా మందమవుతుంది. డాక్టరు చూసి "ఫంగస్ లేదు. ఇప్పుడున్నది అలవాటు. దీనికి ఇంకో ఫంగస్ మాత్ర రాస్తే అది నా తప్పవుతుంది" అంది. స్టెరాయిడ్ లేని పూత ఒకటి రాసి, గోకడం లెక్కపెట్టమంది.

ఇదేదో ఆవిడ సొంత పైత్యం అనుకున్నా, కాదు. 1989లో స్వీడన్‌లో నోరెన్, మెలిన్ అనేవాళ్ళు ఎగ్జిమా రోగుల్లో కొందరికి ఉత్త పూత మందు, కొందరికి పూత మందుతో పాటు గోకే అలవాటు మాన్పే శిక్షణ ఇచ్చి చూశారు. రెండూ కలిపి ఇచ్చినవాళ్ళకి ఎక్కువ తగ్గింది. పద్ధతి చాలా తేలిక. ముందు, రోజుకి ఎన్నిసార్లు చెయ్యి వెళ్తోందో లెక్కపెట్టాలి. లెక్కపెడితే తప్ప మనం గోకుతున్నామని మనకే తెలీదు. తర్వాత, చెయ్యి లేవగానే పిడికిలి బిగించి కాసేపు ఉంచాలి, అప్పటికీ ఆగకపోతే ఆ చోటుని నొక్కాలి, గోకకూడదు. గుడి దగ్గర జపం లెక్కకి వేలికి పెట్టుకునే చిన్న మిషన్లు అమ్ముతారు చూడండి, అది కొన్నాను. మొదటి రోజు 118. నేను మహా అయితే పదిహేను అనుకున్నాను! ఇక్కడ ఆ విపశ్యన గంటలు అక్కరకొచ్చాయి. దురద పడిపోతుందని నాకు ముందే తెలుసు, ఆగడమే నా పని. మూడో వారానికి 40, రెండు నెలలకి పదిలోపు.

అంచేత మనసు మాట ఉత్త బూటకం అనేవాళ్ళతో కూడా నేను ఒప్పుకోను. జర్మనీలో నీమయర్ బృందం ఓ ఉపన్యాసం పెట్టి, మొదటి సగంలో నల్లుల జాతి పురుగుల బొమ్మలు, గోకుడు బొమ్మలు చూపిస్తే సభలో జనం గోక్కోవడం పెరిగింది. 2000లో ప్రచురించారు. (ఇది చదువుతూ మీరిప్పటికి ఎన్నిసార్లు గోక్కున్నారు? నిజం చెప్పండి.) 1998లో అమెరికాలో కబాట్-జిన్ 37 మంది సోరియాసిస్ రోగుల మీద చేసిన ప్రయోగంలో, కాంతి చికిత్స జరుగుతున్నంతసేపూ ధ్యానం టేపు విన్నవాళ్ళకి చర్మం త్వరగా తేరుకుంది. కానీ ఒక్కటి గమనించండి. వాళ్ళు ధ్యానం కాంతి చికిత్సతో పాటు చేశారు, దాని బదులు కాదు. నోరెన్ రోగులు పూత మందుతో పాటు లెక్కపెట్టారు, మందు మానేసి కాదు. మనసు వైద్యం గురించి గొప్పగా చెప్పుకునే ప్రయోగాల్లో ఈ "తో పాటు" అన్న మాటని ఇంటర్నెట్టు మింగేస్తుంది.

నా అభిప్రాయం ఇది. "మందా, మనసా" అని వాదించే ముందు గాజు పలక మీద చూడాలి. చూడకుండా మనసు అన్నవాడూ, చూడకుండా ట్యూబు రాసినవాడూ ఒకే తప్పు చేశారు. ఇంకో ఉదాహరణ చెబుతాను. లైకెన్ స్క్లిరోసస్ అని ఎక్కువగా వయసు మళ్ళిన ఆడవాళ్ళకి ఆ చోట తెల్లటి మచ్చలతో, భయంకరమైన దురదతో వచ్చే జబ్బుంది. పట్టించుకోకపోతే కొద్దిమందిలో క్యాన్సర్‌కి దారితీయొచ్చు. దానికి డాక్టర్లు మొదట రాసే మందేమిటో తెలుసా? క్లోబెటసాల్. నన్ను ముంచిన అదే క్లోబెటసాల్! ఆవిడకది సరైన మందు, నాకది విషం. ఆవిడ "ఈ వయసులో ఎవరికి చెప్పను" అని ఊరుకుని ప్రాణాయామం చేసుకుంటే నష్టం, నేను నా ట్యూబు ఆవిడకిచ్చి రాసుకోమన్నా నష్టమే. రోగం పేరు తెలిశాకే మందు మంచిదా చెడ్డదా అన్నది తేలేది.

మనసు పాత్ర లేదనను. ఉంది, అందరూ చెప్పే చోట లేదు. నాకు తామర తెచ్చింది మనసు కాదు, చెమట, ఫంగస్. కానీ మూడు నెలల్లో పోవాల్సిన దాన్ని మూడేళ్ళు నిలబెట్టింది మటుకు కచ్చితంగా మనసే. దాని పేరు సిగ్గు. సిగ్గు నన్ను బోర్డు కిందనుంచి టీకొట్టుకి మళ్ళించింది. సిగ్గు ఆ రెండు నిమిషాల డాక్టరు చూడనందుకు సంతోషించింది. మా ఆవిడని నాలుగు నెలలు నోరు మూయించింది కూడా అదే. అర్ధరాత్రి నాకు మనసు సిద్ధాంతం అంత నచ్చడానికి కారణం, అందులో ఎవరికీ చూపించే పని లేకపోవడమే. హైదరాబాదులో మనసు బాగాలేదంటే ఎర్రగడ్డ వెళ్ళమని వెక్కిరిస్తారని మనం మనసు డాక్టరు దగ్గరికీ వెళ్ళం, సుఖవ్యాధి అంటారని చర్మం డాక్టరు దగ్గరికీ వెళ్ళం. మధ్యలో మందుల షాపువాడు బాగుపడుతున్నాడు.

నేను డాక్టర్ని కాను, నా మందులు మీరు వాడొద్దు. ఒక్క పని చెయ్యండి. ఆ చోట దురద రెండు మూడు వారాలు దాటితే, ట్యూబు కొనకుండా, ధ్యానం మొదలెట్టకుండా, వెళ్ళి చూపించండి. "గీకి పరీక్ష చేస్తారా డాక్టరుగారూ?" అని మీరే అడగండి. ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పండి. నేను మొదటి నెలలోనే మా ఆవిడకి చెప్పి ఉంటే, ఆ ఆదివారం ఆ ప్రశ్న ఆ గొంతుతో నాకు వినపడేది కాదు.

తా.క.: వేలి మిషన్ని మొన్న మా అత్తగారు వచ్చినప్పుడు చూసి ముచ్చటపడి, రామనామానికి పనికొస్తుందని తీసుకెళ్ళారు. "అల్లుడుగారికి ఈ మధ్య భక్తి పెరిగింది" అని బంధువుల్లో చెబుతున్నారట. అది ఇదివరకు దేన్ని లెక్కపెట్టిందో ఆవిడకి నేను చెప్పలేదు. సిగ్గు ఒక్కసారిగా పోతుందా చెప్పండి?